చేమంతికి చీకటి కావాలి: చలికాలం పూల మొక్కల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చలికాలం పూల మీదే ఉన్నాయి, అందుకే టమాటా వంగ బీర సంగతులన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఇవాళ పూల గురించే మాట్లాడుకుందాం. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి డిసెంబర్ మొదటి వారం అవుతుంది కాబట్టి, ఇప్పుడు చేయగలిగిన పనేంటో దాన్నిబట్టే రాశాను.

ప్రశ్న: మాది హైదరాబాద్, ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్. పోయిన జనవరిలో పూలతో ఉన్న చేమంతి కుండీలు మూడు కొన్నాను. పూలయ్యాక కత్తిరించి కాపాడుకున్నాను, ఎండాకాలం కూడా గట్టెక్కాయి, ఇప్పుడు గుబురుగా పచ్చగా ఉన్నాయి కానీ నవంబర్ చివరికొచ్చినా ఒక్క మొగ్గ లేదు. వాటిల్లోంచే ఒక పిలక తీసి మా అత్తగారికిస్తే ఊళ్ళో పెరట్లో నిండా మొగ్గలేసింది. నేను ఎరువు తక్కువ వేశానా అండి?

జవాబు: మీ ఉత్తరంలో అత్తగారి పెరటి మాట లేకపోతే నేను కూడా ఎరువు దగ్గరే ఆగిపోయేదాన్ని. అదే మొక్క, అదే పిలక, అక్కడ మొగ్గలేసి ఇక్కడ వేయలేదంటే తేడా మట్టిలో కాదు, రాత్రిలో ఉంది. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి బాల్కనీలో లైటు ఆర్పేసి ఆ కుండీల దగ్గర నిలబడండి. వీధి లైటు వెలుగు ఆకుల మీద పడుతోందా? మీ అరచేతి గీతలు కనపడేంత వెలుగున్నా సరే, మీ చేమంతికి ఇంకా చలికాలం రాలేదన్నమాట.

చేమంతి చలిని చూసి పూస్తుందని చాలామంది అనుకుంటారు, చల్లదనం పువ్వు రంగుకీ మన్నికకీ బాగా పనికొస్తుంది కానీ మొగ్గ వేయాలా వద్దా అని మొక్క చూసుకునేది రాత్రి పొడుగుని. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది, డిసెంబర్‌కి 11 గంటల చిల్లరకి దిగుతుంది. దసరా తర్వాత రాత్రులు పొడుగయ్యే కొద్దీ చేమంతి ఆకు వేయడం తగ్గించి మొగ్గ మీదకి మళ్ళుతుంది. మధ్యలో వెలుగు పడిందంటే ఆ రాత్రి లెక్కలోకి రాదు, దానికి ఇంకా ఎండాకాలం పగలే నడుస్తున్నట్టు ఆకులేస్తూ పోతుంది. మొక్కలకి ఇలా పగలు రాత్రి లెక్క ఉంటుందని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద చేసిన పరిశోధనతో బయటపెట్టారు. ఇప్పుడు చేమంతి పెంచే రైతులు దీన్నే వాడుకుంటారు, పూత ఆలస్యం కావాలంటే చేలో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు, తొందరగా కావాలంటే సాయంత్రమే నల్ల గుడ్డ కప్పేస్తారు.

మా మిద్దె మీద కూడా ఇదే జరిగింది. నీళ్ళ ట్యాంకు దగ్గర దొంగల భయానికి ఒక ఎల్ఈడీ పెట్టించాం, ఆ ఏడు లైటు వైపున్న నాలుగు కుండీలు ఆకులతోనే మిగిలిపోయాయి, ట్యాంకు నీడలో ఉన్న రెండు కుండీలు మాత్రం పసుపు ముద్దల్లా పూశాయి. నాకు అర్థమవడానికి రెండు చలికాలాలు పట్టింది, ఈలోపు ఎన్ని రకాల ఎరువులు పోశానో.

ఇప్పుడు మీరు చేయాల్సింది, రాత్రి వెలుగు పడని చోటుంటే, అది బాత్రూం వెనక సందైనా సరే, సాయంత్రం కుండీలు అక్కడికి మార్చి పొద్దున మళ్ళీ ఎండలోకి తేవడం. మోయలేకపోతే ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో వచ్చిన పెద్ద అట్టపెట్టె బోర్లించండి, సాయంత్రం 6కి మూసి పొద్దున 7కి తీసేయాలి. ఒకరోజు చేసి రెండ్రోజులు మర్చిపోతే లాభం లేదు, మొగ్గలు శనగగింజంత అయ్యేదాకా వరసగా చేయండి, ఎంతలేదన్నా నాలుగు వారాలు పడుతుంది. సంక్రాంతికి అందవు, ఆ ఆశ పెట్టుకోవద్దు, ఫిబ్రవరిలో పూస్తాయి. యూరియా, ఆవు మూత్రం లాంటి ఆకు పెంచేవి ఇప్పుడు పూర్తిగా ఆపేయండి.

వచ్చే ఏడాదికి లెక్క ఇలా పెట్టుకోండి. పూలు అయిపోగానే మొక్కని జానెడు ఎత్తుకి కోసేయాలి, ఎండాకాలం మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టాలి, వానలు పడగానే మొదట్లోంచి వచ్చే పిలకలని వేళ్ళతో సహా విడదీసి కొత్త మట్టిలో నాటుకోవాలి. ముసలి దుబ్బు కంటే కొత్త పిలకకే పెద్ద పూలు. పిలక బెత్తెడు ఎత్తు ఎదిగాక చివర తుంచండి, పక్క కొమ్మలొచ్చాక వాటి చివర్లు కూడా తుంచండి, ఆగస్టు ఆఖరుతో తుంచడం ఆపేయాలి. ఆ తర్వాత తుంచితే మొగ్గలనే తుంచుకున్నట్టు. ఇంకో మాట, క్రిస్మస్‌కి ఎర్రగా అమ్మే పాయిన్‌సెట్టియాదీ ఇదే గుణం, దాని పైఆకులు ఎర్రబడాలన్నా రాత్రి గట్టి చీకటి ఉండాల్సిందే.

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి అక్టోబర్ మొదటి వారంలోనే పెటూనియా, పాన్సీ నారు తెప్పించి పదిహేను కుండీల్లో పెట్టాను, నెల తిరక్కుండా అన్నీ మొదలు కుళ్ళి పడిపోయాయి. మళ్ళీ కొనాలా, లేక మా ఊరికి ఇవి పడవా?

జవాబు: పెటూనియా పడుతుంది, పాన్సీ పడదు. ఆ వీడియోలు ఎక్కువగా ఢిల్లీ వైపువాళ్ళవి, అక్కడ అక్టోబర్‌లో చల్లబడుతుంది. మన కోస్తాలో అక్టోబర్ అంటే పగలు ఉక్కపోత, మధ్యలో ఈశాన్య రుతుపవనాల వాన, అల్పపీడనం పట్టిందంటే మూడ్రోజులు ముసురు. పెటూనియా ఆకుకీ కాడకీ నూగు ఉంటుంది, తడి పట్టుకుంటే ఆరదు, లేత మొక్క మొదట్లోనే కుళ్ళిపోతుంది. మీ తప్పేమీ లేదు, నాటిన నెల సరైంది కాదు అంతే. కోస్తా జిల్లాల్లో నవంబర్ సగం దాటాక, వాన మబ్బు పోయాక నాటుకోవాలి, అంటే ఇప్పుడే మీకు అసలైన సీజన్. పాన్సీకి చల్లటి రాత్రులు కావాలి, మీ దగ్గర డిసెంబర్‌లో కూడా రాత్రి వేడి పెద్దగా దిగదు, రెండు పూలు పూసి సాగిపోతుంది, దాని మీద డబ్బులు పెట్టొద్దు. దాని బదులు డయాంథస్ పెట్టండి, కాస్మోస్, జినియా చల్లండి, ఇవన్నీ మీ వాతావరణానికి హాయిగా పూస్తాయి.

నారు కొనేటప్పుడు పూలు చూసి మోసపోకండి, నిండా పూసిన మొక్క కంటే కురచగా నాలుగు కొమ్మలతో మొగ్గలతో ఉన్న మొక్క మంచిది. ఇంటికి తెచ్చాక జిగట మట్టి ముద్దతో ఉంటే ఆ ముద్దని అలాగే కుండీలో దింపొద్దు, నీళ్ళు ముద్దలోనే నిలిచిపోయి వేరు కుళ్ళుతుంది, నీళ్ళల్లో కాసేపు ఉంచి అంచుల మట్టి మెల్లగా వదిలించి నాటండి. మట్టి నేను కలిపేది ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, పది అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. ఎనిమిది పది అంగుళాల కుండీకి ఒక్క పెటూనియా చాలు, ఇరికించొద్దు. నీళ్ళు పొద్దున పూట, ఆకుల మీద కాదు మొదట్లో పోయండి, అది కూడా పైమట్టిలో వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే. వాడిన పువ్వుని పైపైన రేకులు లాగేస్తే సరిపోదు, కింద ఆకుపచ్చ కాయ ఉంటుంది, దానితో సహా గిల్లేయాలి, లేకపోతే గింజ కట్టే పనిలో పడి మొక్క పూయడం తగ్గిస్తుంది. జనవరి చివర కాడలు పొడుగ్గా సాగి మధ్యలో ఖాళీగా కనిపిస్తాయి, అప్పుడు జాలి పడకుండా సగానికి కత్తిరించి కొంచెం వర్మీకంపోస్ట్ వేస్తే మార్చిలో ఎండలు ముదిరేలోపు ఇంకోసారి పూస్తుంది.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. బతుకమ్మకు ఏసిన బంతి ఇంక కొంచెం పూస్తనే ఉంది గాని చెట్లు ముదిరినయి. సంక్రాంతికి గొబ్బెమ్మలకు, గుమ్మాలకు పువ్వులు కావాలె. ఇప్పుడు గింజలు ఏస్తే అందుతయా?

జవాబు: గింజలతో అందవు అక్కా. ముద్దబంతి గింజ వేసిన దగ్గర్నుంచి పువ్వు రావడానికి రెండు నెలల పైనే పడుతుంది, చలికి ఇంకో వారం పది రోజులు ఆగుతుంది, సంక్రాంతికి గింజ వేసే టైం అక్టోబర్ నెల నడిమిట్ల. కానీ మీ దగ్గర ముదురు చెట్లున్నాయి కదా, వాటితోనే పనైపోతుంది. పువ్వూ మొగ్గా లేని లేత కొమ్మ చివర్లు నాలుగు అంగుళాల పొడవు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసకలో గానీ సగం ఇసక సగం మట్టిలో గానీ గుచ్చండి. చెట్టు నీడలో పెట్టి తడి ఆరకుండా చూస్తే పది పన్నెండు రోజుల్లో వేర్లు వస్తాయి. ముదిరిన చెట్టు కొమ్మ కాబట్టి దానికి పూత వయసు అప్పటికే వచ్చేసి ఉంటుంది, మొక్క చిన్నగానే ఉంటుంది కానీ గుచ్చిన నెల తిరిగేసరికి మొగ్గ తొడుగుతుంది. ఈ వారమే గుచ్చండి, పది రోజులు జరిగితే పండగ దాటిపోద్ది. ముప్పై కొమ్మలు గుచ్చితే పది పోయినా ఇరవై మిగుల్తాయి.

వచ్చే ఏటికి గింజలు దాచుకునేట్టయితే ఒక మాట: నాటు బంతి అయితే తల్లిలాగే వస్తుంది, షాపులో కొన్న హైబ్రిడ్ ముద్దబంతి గింజ మళ్ళీ వేస్తే కొన్ని రేక బంతిగా, కొన్ని చిన్నగా వస్తాయి, అది గింజ గుణం. ముదురు చెట్లు పీకేశాక మడి ఖాళీగా వదలకండి, అదే మడిలో టమాటా వేసుకోండి. బంతి వేసిన నేలలో వేరుకి బుడిపెలు తెచ్చే నులిపురుగులు తగ్గుతాయి.

ప్రశ్న: మా బాల్కనీ ఉత్తరం వైపు. ఎండాకాలంలో బానే ఎండ పడేది, చలికాలం రాగానే ఎండే లేదు. ఎదురుగా కొత్త బిల్డింగ్ కూడా ఏమీ రాలేదు. పూల మొక్కలు పెట్టుకోవచ్చా?

జవాబు: ఎండ ఎవరూ అడ్డుకోలేదండి, సూర్యుడే దక్షిణానికి జరిగాడు. జూన్‌లో మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా కూడా వెళ్తాడు, అందుకే అప్పుడు మీ బాల్కనీలో పొద్దున, సాయంత్రం ఎండ. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా దక్షిణాన సగం ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్ళకి ఈ మూడు నెలలు ఇల్లు లోపలి దాకా ఎండ, మీకు మాత్రం అసలుండదు. కాబట్టి చేమంతి, బంతి, పెటూనియా కొనొద్దు, కొన్నా పది రోజుల ముచ్చటే. బిగోనియా, ఇంపేషెన్స్, పీస్ లిల్లీ మీకు సరిపోతాయి. మిద్దె మీదకి వెళ్ళే వీలుంటే అపార్ట్‌మెంట్ వాళ్ళని అడిగి నాలుగు కుండీలు ఫిబ్రవరి దాకా అక్కడ పెట్టుకోండి, ఇది ఇంకా మంచి దారి.

ప్రశ్న: వరంగల్‌లో మాకు పదిహేను గులాబీ కుండీలు ఉన్నాయి. మొగ్గలు బోలెడు వస్తున్నాయి కానీ రేకుల అంచులు మాడినట్టు గోధుమ రంగులోకి మారి సగం విచ్చుకుని ఆగిపోతున్నాయి. కొత్త చిగుళ్ళ మీద తెల్లగా పిండి చల్లినట్టు ఉంది. రెండూ ఒకటే జబ్బా?

జవాబు: రెండూ వేరు. అంచులు మాడటం తామర పురుగుల పని. ఒక మొగ్గ కోసి తెల్ల కాగితం మీద దులపండి, దారపు ముక్కల్లాంటి సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి. అవి మొగ్గ లోపలే ఉండి రసం పీలుస్తాయి కాబట్టి పైన ఎంత స్ప్రే చేసినా విచ్చుకున్న పువ్వు బాగుపడదు, ముందు పాడైన మొగ్గలన్నీ కోసి కవర్లో కట్టి బయట పారేయండి, కింద రాలిన రేకులు కూడా. తర్వాత లీటరు నీళ్ళకి 5 ఎంఎల్ వేపనూనె, కలవడానికి రెండు చుక్కల లిక్విడ్ సబ్బు వేసి సాయంత్రం పూట, వారానికోసారి, మూడు సార్లు కొట్టండి. నీలం రంగు జిగురు అట్టలు నాలుగు కట్టినా చాలా పడతాయి. చిగుళ్ళ మీద పిండి మాత్రం బూడిద తెగులు, రాత్రి చలీ మంచూ పగలు పొడి ఎండా ఉన్నప్పుడు ఎక్కువ. ఆ చిగుళ్ళు తుంచేసి, నీళ్ళల్లో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాముల లెక్కన కొట్టండి. వేపనూనె కొట్టిన వెంటనే గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది, రెండిటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

పదిహేను కుండీలూ అక్టోబర్‌లో కత్తిరించారా లేదా రాయలేదు. కత్తిరించిన నెలన్నర తర్వాత మొదటి పూత వస్తుంది, డిసెంబర్ జనవరిలో గులాబీ ఎంత పెద్దదవుతుందో, రంగు ఎంత చిక్కబడుతుందో మళ్ళీ ఏడాదంతా అంత రాదు. ఒకవేళ చేయకపోతే ఇప్పుడు మొత్తం నరకొద్దు, పూసిన కొమ్మని ఐదు చిన్నాకులు కలిసి ఉన్న ఆకు దాకా, బయటి వైపు చూసే కన్ను (చిగురు వచ్చే చోటు) పైన ఏటవాలుగా కోస్తూ రండి.

ప్రశ్న: గుంటూరులో మా మల్లె తీగ ఆకులు పసుపై రాలిపోతోంది. చచ్చిపోతుందా?

జవాబు: లేదమ్మా, నిద్రపోతోంది. చలికాలం పూలకి అందరూ నీళ్ళు పోస్తూ పనిలో పనిగా దీనికీ పోస్తారు, అదే తప్పు. నీళ్ళు బాగా తగ్గించండి. డిసెంబర్ చివర గానీ జనవరిలో గానీ మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేసి, మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు మొదలుపెట్టండి. మార్చికి మొగ్గలు కోసుకుంటారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. చలికాలం నాలుగు నెలలు పెరడంతా బోసిగా ఉంటుంది. ధనుర్మాసంలో దేవుడికి పెట్టడానికి పెరట్లో పువ్వు ఒక్కటైనా ఉంటే బాగుంటుందని మా అమ్మ అంటారు. ఏం వేయొచ్చు?

జవాబు: విజయవాడ వాళ్ళకి వద్దన్న పాన్సీయే మీకు చెప్తున్నాను, మీ అమ్మగారికి అదే సరైన పువ్వు. మంచు పడి ఆకులు వాలిపోయినా ఎండ రాగానే మళ్ళీ లేస్తుంది, వసంతం దాకా పూస్తుంది. అక్టోబర్, నవంబర్‌లో నాటితే బలంగా ఉంటుంది, ఇప్పుడైనా మించిపోయింది లేదు, ఎండ బాగా పడే చోట పెద్ద మొక్కలే కొని నాటండి. వయోలా ఇంకా చిన్న పువ్వు, పాన్సీ కంటే ఎక్కువ పూస్తుంది, పసుపు వయోలా దేవుడి దగ్గర పెడితే చిట్టి చేమంతిలాగే ముచ్చటగా ఉంటుంది. కమీలియా మీద ఆశ ఉంటే నేలలో కాదు, పెద్ద కుండీలోనే పెట్టండి, దానికి ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి, మీ డాలస్ మట్టి సున్నపు మట్టి. మల్లె, కరివేపాకు కుండీలు మాత్రం రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళ్ళక ముందే లోపల కిటికీ దగ్గరకి తెచ్చేసుకోండి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలిలో అక్కడ ఎన్ని మొక్కలు పోయాయో మీకు తెలుసు కదా.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె, ఇప్పుడు పుణెలో ఉంటున్నాం. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళింట్లో ఈ నెలల్లో వంకాయ రంగు డిసెంబర్ పూలు కోసి మాల కట్టుకునేవాళ్ళం. ఇక్కడ నర్సరీల్లో డిసెంబర్ పూలంటే ఎవరికీ తెలియట్లేదు. అసలు పేరేంటి, దొరుకుతుందా?

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. వాసన లేకపోయినా జడలో ఆ రంగు ఎంత నిండుగా ఉండేదో! కొన్ని ఊళ్ళలో డిసెంబరాలు అంటారు, కొన్ని ఊళ్ళలో గొబ్బిపూలు అంటారు, శాస్త్రీయ నామం బార్లేరియా క్రిస్టాటా. పుణెలో మరాఠీ వాళ్ళని కోరాంటి అని అడగండి, టక్కున చెప్తారు. కోరాంటిలో పసుపుది ముళ్ళతో ఉంటుంది, అది మన ముళ్ళగోరింట, వేరే మొక్క, వంకాయ రంగుదనో తెల్లదనో విడమరిచి అడగండి. గులాబీ రంగుదీ, తెలుపు మీద వంకాయ చారలదీ కూడా ఉన్నాయి.

ఇంత తేలిగ్గా పెరిగే చలికాలం పువ్వు ఇంకోటి లేదు, పెటూనియాకి పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా అడగదు, ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, అయినా నర్సరీలు దీన్ని పెద్దగా పెట్టవు. కొమ్మ గుచ్చితే వస్తుంది కాబట్టి ఎవరూ కొనరు, ఒకళ్ళ గోడ మీంచి ఇంకొకళ్ళ గోడకి వెళ్ళే మొక్క ఇది, గోడలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక అదీ ఆగిపోయింది. కాబట్టి నర్సరీ కంటే మంచి దారి మీ చేతిలోనే ఉంది. సంక్రాంతికి ఊరెళ్తే అమ్మమ్మగారి వీధిలో పాత పెరడు ఎక్కడుందో కనుక్కోండి. పెన్సిలంత లావున్న, పూలు అయిపోయిన కొమ్మలు జానెడు ముక్కలుగా ఆరేడు కోసి, తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ప్రయాణంలో ఒకరోజు ఏమీ కాదు. కాయలు గోధుమ రంగులోకి వచ్చి ఉంటే అవి కూడా కాగితంలో మడిచి తెచ్చుకోండి, ఎండిన కాయ తడి తగిలితే చటుక్కున పగిలి గింజలు ఎగిరిపోతాయి, అందుకని పొడిగానే ఉంచాలి. కొమ్మలు రెండు కణుపులు మట్టిలోకి పోయేట్టు గుచ్చి నీడలో పెట్టండి, చిగురు కనపడగానే వేరొచ్చిందనుకుని పీకి చూడొద్దు, నెల దాకా కదపకండి. వానాకాలంలో పెద్ద కుండీకి మార్చి చివర్లు రెండుసార్లు తుంచితే వచ్చే నవంబర్ చివరికి మొదటి మొగ్గలు చూస్తారు. బాల్కనీలో రాత్రి లైటు లేని మూల చూసి పెట్టండి.